అనుపయోక్త 217

అయితే మా గ్రంథాలయం గడప మీద నిలబడి లోపలికి చూసేవాళ్ళను ఏ గడిలో వేయాలన్నది ఇంకా తేలలేదు. కాలు లోపల పెడితే ఉపయోక్త, పెట్టకపోతే అనుపయోక్త. అంతవరకు స్పష్టం. కానీ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, గోడ గడియారంలో టైము చూసుకుని పోయేవాళ్ళు రోజుకు పదకొండు మంది ఉన్నారు. గడియారం గ్రంథాలయానిది. వాళ్ళు దాన్ని ఉపయోగించారు. కాబట్టి వాళ్ళు గ్రంథాలయాన్ని సగం ఉపయోగించినట్టా? నేనిలా ఆలోచిస్తుండగానే పన్నెండోవాడు వచ్చి, టైము చూసుకుని, తన చేతి గడియారం సరిచేసుకుని వెళ్ళిపోయాడు. గీత గీయాలా వద్దా అని నేను పెన్సిలు గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఈ మధ్య నా రోజుల్లో ఎక్కువ భాగం ఇలాగే గడుస్తోంది. అది నాకేమంత బాధగా లేదని కూడా ఒప్పుకోవాలి. మనుషుల్ని చూసి నవ్వాలా, పలకరించాలా, తల దించుకోవాలా అని ఈ ఉద్యోగంలో పంతొమ్మిదేళ్ళు సతమతమైనవాడికి, వాళ్ళను గీతలుగా మార్చే అవకాశం దొరకడం చిన్న ఉపశమనం కాదు.

పోయిన జూన్ దాకా మా ఊరి శాఖా గ్రంథాలయంలో పాఠకులు ఉండేవాళ్ళు. జూన్ పదహారున ఆ మాట రద్దయింది.

జరిగింది ఇదీ. విశ్వవిద్యాలయంలోని అన్ని శాఖలకూ పైనుంచి ఒక లేఖ వచ్చింది: మీ పరిశోధనల వల్ల ప్రజలకు కలిగిన ఆచరణాత్మక ప్రయోజనం ఏమిటి, ముప్పై రోజుల్లో తెలపండి. గ్రంథాలయ సమాచార శాస్త్ర శాఖలో ఎనభై ఒక్క సిద్ధాంత గ్రంథాలున్నాయి. వాటి ప్రయోజనం ఏమిటని అంతవరకు ఎవరూ అడగలేదు. శాఖాధిపతి ఆచార్య వేదాద్రి గారు వెనక్కి తగ్గే మనిషి కాదు. ఎనభై ఒక్క గ్రంథాల చివరి అధ్యాయాలూ తెప్పించి, అందులోని సూచనలన్నీ ఒకచోట రాయించారు. తేలింది ఏమిటంటే, ఎనభై ఒక్కరూ ఒకే నాలుగు సూచనలు చేశారు. నిధులు పెంచాలి. సిబ్బందిని పెంచాలి. మరుగుదొడ్డి కట్టించాలి. ఈ విషయంపై మరింత పరిశోధన జరగాలి. మొదటి మూడూ శాఖ చేతిలో లేవు. నాలుగోది ఉంది. దాన్ని వెంటనే ఆచరణలో పెట్టడానికి ఒక గ్రంథాలయం కావాలి. అలా మమ్మల్ని దత్తత తీసుకున్నారు.

దత్తత సభకు ఆచార్యులవారు స్వయంగా వచ్చారు. మా హాల్లో ఉన్న పదహారు కుర్చీల్లోనూ జనం కూర్చున్నారు.

"ఇంతకాలం శాస్త్రము గ్రంథాలయమును సేవించినది," అన్నారు ఆయన. "ఇకపై గ్రంథాలయము శాస్త్రమును సేవించును. పాఠకుడు అను పదము భావోద్వేగభరితమైనది. అది కొలతకు లొంగదు. కావున నేటినుండి ఉపయోక్త, సంభావ్య ఉపయోక్త, అనుపయోక్త అను మూడు వర్గములు మాత్రమే ఉండును."

చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను. మొదట కొట్టింది నేనేనేమో.

ఆయనతో వచ్చిన పరిశోధక విద్యార్థి జయసింహ ఆ రోజునుంచి నా బల్ల పక్కనే ఇంకో బల్ల వేసుకున్నాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. మెడలో స్టాప్‌వాచీ. ఉపయోక్తలు పత్రిక ముట్టుకునే ముందు అరవై నాలుగు ప్రశ్నల ఫారం నింపాలి, చదివాక తృప్తి ఫారం నింపాలి. రెండింటి మధ్య పట్టిన సమయం అతను రాసుకునేవాడు. మొదటివారం ఇబ్బంది పడింది పీరాసాబు ఒక్కడే. ఆయన రిటైరైన బస్సు కండక్టరు, రోజూ పదింటికి వచ్చి చనిపోయినవాళ్ళ పేజీ ఒక్కటి చదువుకుని పోయేవాడు.

"సార్, ఈ పేపరు చదివినాక మీకు కలిగిన తృప్తి ఎంత అని ఉండాది," అన్నాడు ఫారం ముక్కు దగ్గర పెట్టుకుని. "నేను చదివేది పోయినోళ్ళ పేజీ. ఏం రాసేది?"

"ఐదు ఉన్నాయి కదండీ," అన్నాడు జయసింహ. "అత్యంత తృప్తి, తృప్తి, తటస్థం, అసంతృప్తి, తీవ్ర అసంతృప్తి."

"తెలిసినోడు పోయింటే?"

"మీకు ఏమనిపిస్తే అదే."

"ఈ పొద్దు మా డిపో మేనేజరు పోయినాడు."

జయసింహ ఓపిగ్గా కూర్చున్నాడు. పీరాసాబు చాలాసేపు ఆలోచించి 'తృప్తి' దగ్గర టిక్కు పెట్టాడు. "అత్యంత అని పెడితే బాగుండదులే," అని నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. మరుసటి రోజు రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. తర్వాత ఎదురుగా ఉన్న టీ బంకులో పేపరు చదువుతూ కనిపించాడు. అక్కడ టీ తాగితే చాలట.

రెండు నెలల్లో రోజుకు డెబ్బై మంది వచ్చే చోటికి తొమ్మిదిమంది రావడం మొదలైంది. నేను భయపడుతూ ఆ లెక్క ఆచార్యులవారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముఖం వెలిగిపోతోంది.

"చూడండి, ఈ పట్టణ జనాభా ఎంత?"

"అరవై వేలు సార్."

"తొమ్మిదిమంది వస్తున్నారు. అనగా యాభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఒక్కరు రావడం లేదు. ప్రజాస్వామ్యంలో మనం అధిక సంఖ్యాకులను అధ్యయనం చేయాలా, అల్ప సంఖ్యాకులనా?"

ఆ తర్కంలో ఎక్కడో ఒక రంధ్రం ఉందని నాకు అనిపించింది. కానీ పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నాకలా అనిపించడం చిన్నప్పటినుంచీ ఉన్నదే. దాన్ని నేను నా లోపంగానే లెక్కవేసుకుంటాను.

అలా జయసింహ పరిశోధనాంశం అనుపయోక్తల మీదికి మారింది. మూడు వందల మందిని ఎంచుకుని, వాళ్ళ ఇళ్ళకీ దుకాణాలకీ వెళ్ళి, ఫొటో తీసుకుని, ఇంకో అరవై నాలుగు ప్రశ్నల ఫారంతో గ్రంథాలయానికి ఎందుకు రారో అడగాలి. ఏడాదిన్నర తర్వాత మళ్ళీ వెళ్ళి, ఇప్పటికీ ఎందుకు రాలేదో అడగాలి. వీధులు తెలిసినవాణ్ణి కాబట్టి నన్ను తోడు తీసుకెళ్ళాడు. అదే సమయంలో ఇంకో విద్యార్థి వచ్చి, పదేళ్ళుగా ఎవరూ తీయని పుస్తకాలు పదకొండు వందల నలభై ఏరి, వాటికి తెల్ల నాడాలు కట్టి వెళ్ళాడు. అవి అనుపయుక్త గ్రంథాలు. వాటిని ముట్టుకోకూడదు, తుడవకూడదు. వాటి మీది దుమ్ము సాక్ష్యం. మూడు నెలలకొకసారి వచ్చి దుమ్ము మందం కొలుస్తానన్నాడు.

ఆ మూడు వందల మంది జాబితాలో 217వ నంబరు, రైల్వే గేటు దగ్గర రేకుల షెడ్డు. పైన 'ఓబులేసు మోటారు వైండింగ్' అని బోర్డు. లోపల ఓబులేసు మంచం మీద కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి ఒళ్ళో ఎవరో పెట్టి మరిచిపోయినట్టు పడి ఉంది. పోయిన శివరాత్రికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అతని భార్య సుంకులమ్మ నేలమీద కూర్చుని చెక్క అచ్చు మీద రాగి తీగ చుడుతోంది. మేం వచ్చిన పని చెబితే, చెయ్యి ఆపకుండానే "అడగండి" అంది.

జయసింహ అడిగాడు. ఆమె చెప్పింది. ఏడో తరగతి. పిల్లల్లేరు. సొంత ఇల్లు కాదు.

"ఖాళీ సమయాన్ని ఎలా సద్వినియోగం చేసుకుంటారు?"

"ఖాళీ అంటే?"

జయసింహ 'వర్తించదు' అని రాసుకున్నాడు. ముప్పై ఒకటో ప్రశ్నకు వచ్చాడు. "మీ వృత్తికి పనికొచ్చే పుస్తకం గ్రంథాలయంలో ఉందని తెలిస్తే వెళతారా? వెళతాను, వెళ్ళను, చెప్పలేను."

అప్పుడు ఆమె చెయ్యి ఆగింది. "ఉండాదా?"

"ఇది ఊహాత్మక ప్రశ్న అమ్మా. ఉందనుకుంటే."

"అనుకునేదెందుకు? ఉండాదా, లేదా?"

"ఉంది," అన్నాను నేను.

ఎందుకన్నానో ఆ రోజంతా ఆలోచించాను. నాకు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. కానీ ఆ పుస్తకం నాకు తెలుసు. నాలుగో అల్మారా, కిందినుంచి రెండో వరస, పచ్చ అట్ట. పాత మోటార్లకు ఒక్కో స్లాటులో ఎన్ని చుట్లు చుట్టాలో, ఎన్నో గేజి తీగ వాడాలో పట్టికలు. పదకొండేళ్ళుగా ఎవరూ తీయలేదు. అలాంటి పుస్తకాల పక్కన నడిచేటప్పుడు నాకు ఒక్కోసారి వాటి తరఫున సిగ్గనిపిస్తుంది. "ఉంది" అన్నది ఆ సిగ్గేనేమో.

తిరుగుదారిలో జయసింహ మెల్లగా అన్నాడు: "సార్, మీరు రెస్పాండెంటును ప్రభావితం చేశారు."

"ఒక్క మాటే కదయ్యా."

"మాట ఒకటైనా ప్రభావమే సార్. ఫుట్‌నోట్‌లో రాయాల్సి వస్తుంది."

ఆ సాయంత్రం గ్రంథాలయం మూసే ముందు, మిగిలిన ఖాళీ ఫారం ఒకటి నా కోసం నింపి చూసుకున్నాను. వయసు, విద్య, ఆదాయం సాఫీగా నడిచాయి. 'మీరు రోజులో ఎవరితో ఎక్కువసేపు మాట్లాడతారు?' దగ్గర ఆగిపోయింది. ఐదు నిమిషాలు కూర్చుని, ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను.

తర్వాతి వారం ముప్పు మొదలైంది. ఫారాలు నింపినవాళ్ళలో ఆరుగురు, ఊరికే ఆసక్తి పుట్టి, గ్రంథాలయం గడప దాకా వచ్చేశారు. జయసింహ తెల్లబడ్డ ముఖంతో వాళ్ళను అక్కడే ఆపేశాడు. అనుపయోక్తలు లోపలికి వస్తే ఉపయోక్తలైపోతారు. మూడు వందల మందిలో ఆరుగురు పోతే పట్టిక కుంటుతుంది. ఆచార్యులవారు వెంటనే ఆదేశాలు పంపారు. మూడు వందల మంది ఫొటోలూ తలుపు పక్కన బోర్డుమీద అంటించాం. వచ్చినవాళ్ళ ముఖం బోర్డుతో పోల్చి చూసి, అందులో ఉంటే నమస్కారం పెట్టి వెనక్కి పంపాలి. ఆ పని నాది. పోలీసుస్టేషన్లో దొంగల ఫొటోలున్నట్టు ఉందని ఒకాయన తన ఫొటో చూసి గొడవ చేశాడు. ఆయన కోపాన్ని జయసింహ 'సంస్థ పట్ల ప్రతికూల వైఖరి' కింద రాసుకున్నాడు. ఆ గడి అప్పటిదాకా ఖాళీగా ఉందట.

సుంకులమ్మ వచ్చింది సోమవారం. గడప అవతలే చెప్పులు విడిచింది.

"ఆ పుస్తకం కావాల సార్."

నేను బోర్డు చూశాను. మూడో వరసలో ఆమె, కళ్ళు సగం మూసుకుని. చూడకపోయినా తెలుసు, అయినా చూశాను. నిబంధన చెప్పాను.

"నేను రానని రాసుకున్నారని, నన్ను రావద్దంటారా?"

"రావద్దని కాదమ్మా. ఏడాదిన్నర ఆగాలి."

"ఏడాదిన్నరా?" ఆమె గొంతు పెంచలేదు. "శుక్రవారం పొద్దున లోపల కావాల. నారప్ప అని, చీనీ తోట ఉండాది. ఆయన బోరు మోటరు కాలిపోయింది. ఎనిమిది దినాలుగా చెట్లకు నీళ్ళు లేవు. మామూలుగా అయితే కాలిన చుట్టు విప్పుతూ లెక్కబెట్టుకుంటాం, అంతే చుడతాం. ఆ నారప్ప తమ్ముడు రాగి మొత్తం పీకి అమ్ముకుని, ఉత్త డొల్ల తెచ్చి పెట్టినాడు. లెక్కబెట్టేకి ఏముండాది? మా ఆయనకు అన్ని మోటర్ల లెక్కలూ నోట్లో ఉండె. ఆయన చెప్తా ఉంటే నేను చుట్టేదాన్ని, పన్నెండేండ్లు. ఇప్పుడు వేళ్ళు చూపిస్తాడు. పొద్దున ఒకటి చూపిస్తాడు, మాపటికి ఇంకొకటి."

"కంపెనీవాళ్ళను అడిగితే?"

"ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది."

"ఫోనులో దొరకదా అమ్మా?" అన్నాడు జయసింహ.

"మా మరిది కొడుకు చూపించినాడప్పా. అందులో ఎవడో హిందీలో సీలింగు ఫ్యాను చుడతాండాడు."

"వేరే షాపువాళ్ళను…"

"అడిగితే, నీకు తెలీదా, అయితే మూసెయ్ అంటారు. అనేకి కాసుకోనుండారు సార్. ఈ ఒక్క మోటరు వాపసు పోయిందంటే ఓబులేసు షాపు అయిపోయిందని ఊరంతా తెలుస్తాది. ఇంగ మాకు ఏ మోటరూ రాదు."

ఆచార్యులవారికి ఫోను చేస్తానని చెప్పి పంపాను. చేశాను. నేను చెప్పింది ఆయన అంతా విన్నారు.

"ఆమె వచ్చిందంటే మన ప్రశ్నావళి పనిచేసినట్టే కదా సార్," అన్నాను. ఆ వాక్యాన్ని ముందే రెండుసార్లు మనసులో చెప్పుకుని ఉన్నాను. "ప్రయోజనం కలిగింది కదా."

"కలిగింది. అదే ప్రమాదం. ప్రయోజనం అనునది పరిశోధన యొక్క ఫలితం. ఫలితం పరిశోధన ముగిసిన పిమ్మట రావలెను. మధ్యలో వచ్చిన ప్రయోజనమును శాస్త్రము దోషమని పిలుచును. ఇంతకూ ఏ పుస్తకం?"

చెప్పాను. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అది అనుపయుక్త గ్రంథాలలో ఉన్నది కదా."

"ఉంది సార్. నాడా కట్టి ఉంది."

"అనగా ఒక అనుపయోక్త, ఒక అనుపయుక్త గ్రంథమును తీసుకొనును. ఒకే చర్యతో రెండు పరిశోధనలు. గ్రామీణ సాంకేతిక గ్రంథాలకు డిమాండు లేదని రెండో పరిశోధనలో తీర్మానం కూడా రాసి ఉంచాము. మీరు మంచివారు, అందుకే చెబుతున్నాను. సానుభూతి వేరు, శాస్త్రం వేరు. అయినా ఈ విషయాన్ని నేను నిర్లక్ష్యం చేయను. ఉపసంఘం వేస్తాను."

ఉపసంఘం మంగళవారం కూర్చుంది. బుధవారం తీర్మానం వచ్చింది. 217 పరిస్థితిని ఉపసంఘం ఆర్ద్ర హృదయంతో గుర్తించింది. అధ్యయనం ముగిశాక ఆమెను సభకు పిలిచి శాలువా కప్పాలని ఏకగ్రీవంగా నిర్ణయించింది. ఈలోగా ఆమె అనుభవం వృథా కాకుండా, 'గ్రంథాలయ ద్వారం నుండి వెనక్కి పంపబడిన అనుపయోక్తల మనోభావాలు' అనే కొత్త అంశాన్ని పరిశోధనకు ఆమోదించి, తొలి రెస్పాండెంటుగా ఆమెనే ఎంపిక చేసింది. ఫారం జతపరిచారు. ఇరవై ప్రశ్నలే.

బుధవారం మధ్యాహ్నం సుంకులమ్మ వచ్చినప్పుడు ఆ ఫారం ఇచ్చింది నేనే. వేరే ఎవరైనా ఇస్తే బాగుండేదని ఆశపడ్డాను, కానీ జయసింహ సరిగ్గా అప్పుడే నీళ్ళు తాగడానికి లేచాడు. ఆమె గడప అవతలే నిలబడి మొదటి ప్రశ్న బయటికి చదివింది.

"'ద్వారం దగ్గర మీకు కలిగిన బాధను ఒకటినుంచి ఐదువరకు గుర్తించండి.'" తలెత్తింది. "ఐదుకు పైన లేదా సార్?"

నేను బల్లమీది ఫారాలు సర్దసాగాను.

"మీరే గదా సార్ ఉందని చెప్పింది," అంది. "ఆ పిల్లోడు అనుకుంటే అన్నాడు. మీరు ఉందన్నారు. లేదని చెప్పింటే నేను యాడో ఒగచోట ఎతుక్కునేదాన్ని. ఉందని తెల్సి ఇంగో చోటికి పొయ్యేకి కాళ్ళు రాల్యా."

ఫారం మడిచి కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ మాటల గురించి నేను ఆలోచించిన తీరు చెప్పాలి, ఎందుకంటే అది అంత గౌరవంగా లేదు. మొదట నాకు కోపం వచ్చింది, నన్నొక్కణ్ణే ఎందుకు అంటుందని. తర్వాత, నేను చిన్న ఉద్యోగిని, నియమం నాది కాదు అనుకున్నాను. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయిని చూసి అనుమానం వచ్చింది. నియమం అంటే నాకు భయం అనుకునేవాణ్ణి. భయం కాదు. ఇష్టం. నియమం ఉంటే అవతలి మనిషి ముఖం చూడనక్కర్లేదు. బోర్డుమీద ఫొటో చూస్తే చాలు. ఇన్నేళ్ళుగా ఈ బల్ల వెనక నేను పుస్తకాల్ని కాపాడుతున్నాననుకున్నాను. కాపాడుకున్నది నన్ను.

ఇది గొప్ప ఆవిష్కరణేమీ కాదు. దానివల్ల నేనేమీ మారలేదు కూడా. గురువారం మామూలుగానే వచ్చి, మామూలుగానే పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

నాలుగింటికి ఆమె వచ్చింది. చేతిలో ఇరవై ప్రశ్నల ఫారం, నింపి ఉంది. అన్నిటికీ జవాబులు, ఏడో తరగతి దస్తూరీలో, గుండ్రంగా.

"ఇది తీసుకోండి. ఇంగోటి చెప్పిపోదామని వచ్చినా." ఆమె జయసింహ వైపు తిరిగింది. "నా కాగితంలో వృత్తి అన్న కాడ వైండింగ్ అని రాసుకున్నావు గదప్పా. అది కొట్టేసుకో."

"ఎందుకమ్మా?"

"రేపు పొద్దున నారప్ప మోటరు తీసుకుపోతాడు. స్టాండు కాడి షాపాయన మా సామాను అడుగుతాండాడు. అచ్చులు, మీటరు, అన్నీ ఇచ్చేస్తాం. సోమవారం నుంచి నేను చీనీ కాయల మండీకి గ్రేడింగు పనికి పోతా. మీరు ఏడాదిన్నర పొద్దు లెక్క కట్టేవాళ్ళు. తప్పు లెక్క ఎందుకు మీకు?"

జయసింహ కాగితాలు వెతికాడు. మర్యాదగల కుర్రవాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "వృత్తి మార్పుకు… వేరే ఫారం ఉంది," అన్నాడు, ఎవరికీ వినపడకూడదనుకున్నట్టు.

"ఇయ్యి, రాసిస్తా."

ఆమె చెయ్యి చాపింది. చూపుడువేలి కొస మీద రాగి తీగ కోసిన గీతలు, పాతవీ కొత్తవీ, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నానని కాసేపటికి తెలిసింది. ఇంకాసేపటికి నేను లేచి నిలబడ్డానని తెలిసింది.

నాలుగో అల్మారా దగ్గరికి వెళ్ళాను. కిందినుంచి రెండో వరస. మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. నాడా ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్ళతో రాకపోతే పళ్ళతో లాగాను. దుమ్ము ముక్కులోకి వెళ్ళి రెండుసార్లు తుమ్మాను. కొలవాల్సిన సాక్ష్యం గాలిలో కలిసింది.

"సార్," అన్నాడు జయసింహ వెనకనుంచి. "సార్, అది…"

"తెలుసయ్యా."

పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టాను. "లోపలికి రా అమ్మా," అన్నాను. ఆమె కదల్లేదు. తలుపు పక్కనున్న బోర్డు వైపు చూసింది. "కూర్చో. మెంబరుషిప్ ఫారం రాయాలి. అది లేకుండా ఇవ్వకూడదు."

వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది. పుస్తకం తెరిచింది. ఇక మా ఇద్దరినీ మరిచిపోయింది. వేలు పట్టికల మీద కిందికి దిగుతోంది, పెదవులు కదులుతున్నాయి.

"సార్, ఒక్క మాట," జయసింహ నా బల్ల దగ్గరికి వచ్చి వంగాడు. "నాలుగేళ్ళు సార్ నాది. ఒకటి పోతే రెండు వందల తొంభై తొమ్మిది అవుతుంది. గైడుకు నేనేం చెప్పాలి?"

"నేను ఇచ్చానని చెప్పు."

"మీ మీద రిపోర్టు రాస్తారు సార్."

"రాస్తారు."

అతను తల తిప్పి, పట్టికల మీద కదులుతున్న ఆమె వేలు వైపు చూశాడు. ఓడిపోయినవాడిలా లేడు. ఏం చేయాలో ఎవరూ చెప్పని చోట నిలబడ్డవాడిలా ఉన్నాడు. ఆ స్థితి నాకు బాగా తెలుసు కాబట్టి అతని మీద జాలి కలిగింది. కానీ అతనికి ఏడాదిన్నర ఉంది. ఆమెకు రేపు పొద్దున.

ఫారంలో పేరు, తండ్రి లేక భర్త పేరు, చిరునామా నేనే నింపాను. అన్నీ నాకు ముందే తెలిసినవే. చివరికి వచ్చాక ఆగాను.

"పూచీదారు సంతకం ఒకటి కావాలమ్మా. ప్రభుత్వోద్యోగి గాని, ఇంటి పన్ను కట్టేవాళ్ళు గాని. ఎవరైనా ఉన్నారా?"

"మాకెవరుంటారు సార్," అంది తల ఎత్తకుండా. అంతలో వేలు ఒకచోట ఆగింది. "ఇరవైనాలుగు స్లాట్లు. ఐదు హెచ్‌పీ. ఇదే సార్, ఇదే మోటరు." పక్క గడిలోని అంకె చూసి, కళ్ళు మూసుకుని, లోపలే ఏదో లెక్క సరిచూసుకుంది. "మా ఆయన పొద్దున చూపించేదే నిజం. పొద్దున వేళ్ళే నిజం. మాపటికి అలిసిపోయి తప్పు చూపిస్తాడు."

ఆ మాట నాతో అనలేదు. పుస్తకంతో అంది.

నేను ఫారం వైపు చూశాను. పూచీదారు సంతకం పైన ఒకే ఒక్క వాక్యం అచ్చువేసి ఉంది. పంతొమ్మిదేళ్ళలో ఎన్ని వందలమంది చేత దాని కింద సంతకాలు పెట్టించానో లెక్కలేదు. ఎప్పుడూ చదవలేదు. 'పై వ్యక్తిని నేను స్వయంగా ఎరుగుదును.'

అరవై నాలుగు ప్రశ్నలు, ఇంకో ఇరవై. ఆమె ఆదాయం, ఆమె బాధ ఐదులో ఎంతో, అంతా మా దగ్గర ఉంది. ఎరుగుదునా? ఈ వాక్యానికి టిక్కు పెట్టే గడి లేదు, తటస్థం అనడానికి వీల్లేదు. నేను ఎవరికీ ఎప్పుడూ పూచీ ఉండలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఈమె కూడా అడగలేదు.

నేను ఆ వాక్యం కింద నా పేరు పూర్తిగా రాసి, సంతకం చేశాను.